రంగూను ఇంటి పన్ను

మా మేనత్తకి రంగూనులో ఇల్లు ఉండేది. జంషెడ్‌పూర్ అగ్రికో పేటలో, నా కంపెనీ క్వార్టర్ వసారాలో నులక మంచం మీద పడుకునే మనిషికి పరాయి దేశంలో రెండంతస్తుల టేకు ఇల్లు. విన్నవాళ్ళు నవ్వేవాళ్ళు. నేనూ నవ్వినవాణ్ణే. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను.

యుద్ధంలో రంగూను మీద బాంబులు పడ్డప్పుడు అత్తా మామా కాలినడకన బయలుదేరారట. దారిలో ఒక రేవు దగ్గర జనం తొక్కిసలాటలో మామ చెయ్యి వదిలిపోయింది. మళ్ళీ కనబడలేదు. చనిపోయాడని చూసి చెప్పినవాళ్ళూ లేరు. అత్త ఒక్కతే మా నాన్న దగ్గరికి చేరింది. నాన్న పోయాక నా దగ్గర ఉండిపోయింది.

"మీ మావ బతికుంటే తిన్నగా ఆ గుమ్మంలోకే వత్తాడు. టాటానగర్లో నానున్నానని ఆయనకేటి తెలుసు?" అనేది.

అందుకే ఆ ఇల్లు చెయ్యి జారకూడదు. ఏటేటా ఇంటి పన్ను కట్టాలి, నేల శిస్తు కట్టాలి, వానలకి ముందు టేకు గోడలకి చెదలు పట్టకుండా నల్ల నూనె పూయించాలి. ఇవన్నీ చూసేది అక్కడ ఎదురింట్లో ఉండే మన శ్రీకాకుళం దర్జీ. ఇల్లు అద్దెకిస్తే పన్నుకి పన్నూ వస్తుంది, మీకూ నాలుగు డబ్బులు మిగులుతాయి అని పాపం ఎన్నోసార్లు రాశాడు. అత్త ఒప్పుకుంటేనా. మామ వచ్చేసరికి గుమ్మంలో ఇంకెవరో కనబడకూడదట. ఆ మొండితనం చూస్తే నాకు ఒళ్ళు మండేది.

ఏడాదంతా జంతికలు వండి, షిఫ్టు దిగి వచ్చేవాళ్ళకి అమ్మేది. వేసవి రాగానే ఆ డబ్బు నా చేతిలో పెట్టేది. సాక్చి బజారులో ఒక బట్టల వర్తకుడికి రంగూనులో తమ్ముడున్నాడు. ఇక్కడ అన్నకిస్తే అక్కడ తమ్ముడు దర్జీకి ముట్టజెప్పేవాడు. అత్తకి చదువు రాదు. ఉత్తరం రాసేదీ, వచ్చిన ఉత్తరం చదివి వినిపించేదీ నేనే.

ఒక ఏడు అదే డబ్బుతో సాక్చి వెళ్ళి రేడియో కొనుక్కొచ్చాను. ఓవర్‌టైం డబ్బులని చెప్పాను. అత్త మురిసిపోయి, మా వాడు రేడియో తెచ్చాడని వాడంతా చెప్పుకుంది. మామ ఎప్పుడో పోయుంటాడు, ఖాళీ ఇంటికి పూతలెందుకని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. చెప్పడానికి నేనెవణ్ణి?

కొన్నాళ్ళకి దర్జీ ఉత్తరం వచ్చింది. "అమ్మా, ఈ ఏడు డబ్బు ముట్టలేదు. నా చేతిది వేసి కట్టాను" అని ఉంది. "అమ్మా, డబ్బు ముట్టింది. పూత వేయించాను" అని చదివాను.

"తలుపులకి కూడా ఏయించినాడా?"

"వేయించాడత్తా."

ఆ పూట నాకు ఇంకో గరిటె పులుసు వేసింది. తిన్నాను.

మరుసటి ఏడు రెండేళ్ళదీ కలిపి పంపేద్దామనుకున్నాను. పంపలేదు. ఆపై ఏడూ అంతే. ఇంట్లో ఖర్చులు ఎప్పుడూ ఉంటాయి, సాకులకేం తక్కువ? రేడియో లైసెన్సు రుసుము మాత్రం ఏటా తప్పకుండా పోస్టాఫీసులో కట్టాను. దర్జీ రాసినవి రాసినట్టుగా ఒక్కటీ చదవలేదు.

ఒకరోజు నేను పొద్దుటి షిఫ్టులో ఉండగా ఉత్తరం వచ్చింది. బర్మాలో వానలు ముదిరే రోజులు. పూత సంగతి తెలుసుకోవాలని అత్తకి తొందర. పక్క క్వార్టర్లో ఉండే తెలుగు క్రైస్తవ టీచరమ్మ చేత చదివించుకుంది.

నేను వచ్చేసరికి ఎప్పటిలాగే అన్నం పెట్టింది. తిని చెయ్యి కడుక్కున్నాక అంది, "ఇల్లు ఏలం పాటలో ఎలిపోనాదంట. రెండేళ్ళ పన్ను కట్టలేదంట. టీచరమ్మ సదివింది."

ఇంకేం దాస్తాను? అంతా చెప్పి కాళ్ళు పట్టుకున్నాను. తిట్టినా బాగుండేది. తిట్టలేదు.

"రేడియో కావాలంటే అడగలేకపోనావా? ఇచ్చీదాన్ని కదరా" అంది. కాసేపు గోడకి ఆనుకుని కూర్చుంది. తర్వాత కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. "ఆ దర్జీ బాబుకి రాయి. మీ మావ వత్తే, నానిక్కడ ఉన్నానని సెప్పమను. మన క్వార్టర్ నంబరు రాయి. స్టేషన్ కాణ్ణించి ఎలాగ రావాలో కూడా రాయి."

చెప్పింది చెప్పినట్టు రాశాను. చదివి వినిపించబోతే వద్దంది. కాగితం తీసుకుని టీచరమ్మ దగ్గరికి వెళ్ళి, మొదటి నుంచి చివరిదాకా చదివించుకుని వచ్చింది. కవరు అంటించి చెప్పులేసుకుంది. పోస్టాఫీసు దూరం. నేనూ చొక్కా తొడుక్కుని లేచాను.

"నువ్వుండు. నానే ఏసొత్తాను" అంది.