ఎడమ మాగ్నెటో ఎర్తు తీగ

2023 ఫిబ్రవరి 20, సోమవారం, ఉదయం 10 గంటల 40 నిమిషాలు. నరసరావుపేట నుంచి చిలకలూరిపేట వెళ్లే దారిలో, మా ఇంజనీరింగ్ కళాశాల వెనుక రేకుల షెడ్డులో, ఇనుప చట్రానికి బిగించిన చిన్న విమానపు ఇంజను నిమిషానికి పదిహేడు వందల చుట్లు తిరుగుతోంది. తాళంచెవిని 'రెండూ' అన్న గుర్తు నుంచి 'ఎడమ' మీదికి తిప్పాను. మీటరు ముల్లు అరవై చుట్లు పడింది. వెనక్కి తెచ్చి, ఈసారి 'కుడి' మీదికి తిప్పాను. ముల్లు కదలలేదు. నోటుపుస్తకంలో 'ఎడమ 60, కుడి 0' అని రాసి, సున్నా కింద గీత గీశాను. ఆ గీత సంతోషంతో గీసినది.

ఆ పరీక్ష ఏమిటో ముందు చెప్పాలి. శిక్షణ విమానాల్లో వాడే ఈ ఇంజనుకు నాలుగు సిలిండర్లు, అటు రెండూ ఇటు రెండూ పడుకుని ఉంటాయి. నీళ్లు లేవు, రేడియేటరు లేదు. సిలిండర్ల చుట్టూ ఉన్న పలుచని రెక్కల మధ్య నుంచి వీచే గాలే వాటిని చల్లబరుస్తుంది. మా ఊళ్లలో పత్తి తీసే నెలల్లో ఆ రెక్కల సందుల్లో నూగు పేరుకుంటుంది, వారానికోసారి దులపాలి. ఒక్కో సిలిండరుకు రెండు స్పార్క్ ప్లగ్గులు. ఒక వరుసకు ఎడమ మాగ్నెటో, రెండో వరుసకు కుడి మాగ్నెటో నిప్పురవ్వ అందిస్తాయి. ఆకాశంలో ఒకటి చచ్చినా రెండోది దించి తీసుకొస్తుందని ఈ ఏర్పాటు. మాగ్నెటోకు బ్యాటరీ అక్కర్లేదు. లోపల అయస్కాంతం తిరిగితే చాలు, కరెంటు అదే పుడుతుంది. అందుకే దాన్ని ఆపే పద్ధతి ఇంట్లో లైటు ఆపే పద్ధతికి తలకిందులు. లైటు ఆపాలంటే తీగను విడదీస్తాం. మాగ్నెటో ఆపాలంటే దాని తీగను ఇంజను ఒంటికి కలపాలి, అంటే ఎర్తు చేయాలి. ఆ తీగ ఎక్కడైనా తెగితే తాళంచెవి ఎటు తిప్పినా మాగ్నెటో బతికే ఉంటుంది.

తాళంచెవిని 'కుడి' మీద పెట్టడమంటే ఎడమ దాన్ని ఆపడం. ఒక వరుస ప్లగ్గులు ఆగితే మంట నెమ్మదిస్తుంది, ఇంజను కొంచెం నీరసించాలి. ఆ తగ్గుదల ఇంతకు మించకూడదని పుస్తకంలో ఉంది. సున్నా దేనికీ మించదు. కనుక అది అన్నిటికన్నా మంచి అంకె అనుకున్నాను. ఇరవై ఆరేళ్లుగా లెక్కలతో పనిచేసినవాణ్ణి నేను.

షెడ్డులో మెకానిక్కు నా ఈడువాడే. ఇరవై రెండేళ్లు నరసరావుపేట దగ్గర మిరప రైతుల పవర్ స్ప్రేయర్లు బాగుచేసి, దుకాణం మూసేసి, రెండేళ్ల క్రితం మా దగ్గర కాంట్రాక్టు మీద చేరాడు. ఆ నెలాఖరుకు అతని ఉద్యోగం పర్మనెంటు కావాలి. ఫైలు మీద సంతకం నాది. శనివారం శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లలో ఊరేగే ఎత్తయిన ప్రభ బండి ముందు అరిచి అరిచి గొంతు పోగొట్టుకుని వచ్చాడు. ఆ బొంగురు గొంతుతోనే అడిగాడు:

"సున్నా ఏంది సార్? ఒక కాలు తీసేస్తే మనిషి కొంచెమన్నా కుంటాలిగా?"

"రెండో కాలు గట్టిదైతే కుంటడు."

విద్యార్థులు నవ్వారు. అతనూ నవ్వాడు గాని ఊరుకోలేదు.

"అట్టా కాదు సార్. స్ప్రేయరుకి స్టాప్ బొత్తాం తీగ ఊడిందనుకో, ఎంత నొక్కినా ఆగదు, వీపు మీద కొట్టుకుంటానే ఉంటది. ఇది కూడా ఆ బాపతేనేమో, ఒకసారి తీగ లాగి చూద్దామా?"

"ఏమయ్యా, ఇది వీపున కట్టుకుని మిరపచేలో మందు కొట్టే డబ్బానా? ఇరవై రెండేళ్లు పీల్చిన పురుగుమందు నీ బుర్రలో ఇంకా దిగలేదు."

ఈసారి అందరూ గట్టిగా నవ్వారు. అతను ఒక్కడే నవ్వలేదు. నేను ఎర్ర పిడి వెనక్కి లాగాను, పెట్రోలు అందక ఇంజను ఆగింది. ఈ ఇంజన్లను అలాగే ఆపుతారు, తాళంచెవితో కాదు. తాళంచెవితో ఆపబోయి ఉంటే ఇంజను ఆగేది కాదు, లోపం అప్పుడే బయటపడేది.

ఫిబ్రవరి 22, బుధవారం, 11 గంటల 15 నిమిషాలు. తరగతిలో నలభై రెండు మంది. మాగ్నెటో ఎలా పనిచేస్తుందో, ఎర్తు తీగ తెగితే ఏమవుతుందో పద్దెనిమిది నిమిషాలు బోర్డు మీద బొమ్మ గీసి చెప్పాను. బాగా చెప్పాను. తర్వాత ఇంజను స్టార్టు చేసి చూపిద్దామని చిన్న చేతిపంపుతో నాలుగుసార్లు సిలిండర్లలోకి పెట్రోలు కొట్టి మీట నొక్కితే, బ్యాటరీ దిగిపోయి ప్రొపెల్లర్ అర చుట్టు తిరిగి ఆగింది. గంట వృథా కాకూడదనిపించింది. తాళంచెవి 'ఆఫ్' మీదికి తిప్పి, తీసి జేబులో వేసుకున్నాను.

"చేత్తో తిప్పు. కంప్రెషన్ ఎలా అడ్డుతగులుతుందో వీళ్లు చూస్తారు."

అతను ప్రొపెల్లర్ దగ్గరికి వెళ్లి, ముట్టుకోకుండా నిలబడ్డాడు.

"పెట్రోలు కొట్టి ఉంది కద సార్. ఆ సున్నా సంగతి తేల్చుకున్నాక తిప్పుతా."

"తాళంచెవి ఎక్కడుంది?"

"మీ జేబులో ఉంది సార్."

"మరి నీ భయం ఎవరి జేబులో ఉంది?"

నవ్వులు. ఒక అమ్మాయి మాత్రం, "సార్, ఎర్తు తీగ తెగుంటే..." అని మొదలుపెట్టింది. చెయ్యి ఎత్తి ఆపేశాను. అతనితో నెమ్మదిగా అన్నాను: "ఇరవై ఎనిమిదో తారీఖున నీ ఫైలు మీద ఏదో ఒకటి రాయాలి. చెప్పిన పని చేయడని రాయమంటావా?"

అతను భుజం మీది తువ్వాలు తీసి పక్కన పెట్టాడు. కుడిచేతి వేళ్లు ప్రొపెల్లర్ రెక్క అంచు మీదుగా వేసి కిందికి లాగాడు. మొదటిసారి ఎడమ మాగ్నెటోలో టక్కుమని చప్పుడైంది. అందులో ఒక స్ప్రింగు ఉంటుంది. ఇంజను చేతి వేగంతో తిరిగినా అయస్కాంతాన్ని విదిలించి గట్టి నిప్పురవ్వ పుట్టించడం దాని పని. రెండోసారి లాగినప్పుడు టక్కుతోపాటు సిలిండరులోని పెట్రోలు పేలింది. ఎదుటి రెక్క చేతి మీదికి వచ్చింది. ఇంజను రెండు చుట్లు తిరిగి, కొట్టిన పెట్రోలు అయిపోయి ఆగింది. అతను అరవలేదు, అరవడానికి గొంతు లేదు. చేతిని ఎడమచేత్తో పట్టుకుని నేల మీద దేనికోసమో వెతికాడు. ఏం వెతుకుతున్నాడో మాకు అర్థమయ్యేసరికి కొంత సమయం పట్టింది.

అతణ్ణి గుంటూరు తీసుకెళ్లారు. నేను షెడ్డు తలుపు వేసి, మూడు గంటలకు ఎడమ మాగ్నెటో తీగ లాగి చూశాను. పైతొడుగు చెక్కుచెదరలేదు, లోపలి రాగి తీగ బిగింపు దగ్గర పూర్తిగా తెగి ఉంది. లాగి చూడటానికి పట్టిన సమయం నాలుగు నిమిషాలు. కొత్త కొస వేసి బిగించాను. బ్యాటరీ ఛార్జి చేయించి శుక్రవారం మళ్లీ పరీక్షించాను: ఎడమ 60, కుడి 70. అదీ రాశాను.

ఇరవై ఏడో తారీఖున ముగ్గురు సభ్యుల విచారణ. నా నోటుపుస్తకం బల్ల మీద పెట్టాను. ఒక్క అంకె దిద్దలేదు. ప్రిన్సిపాల్ గారు ఇరవయ్యో తారీఖు పేజీ చూసి, "సున్నా అంటే ఇంజను కండిషన్ బాగానే ఉందన్నమాట," అన్నారు. నేను అవునని అనలేదు, కాదనీ అనలేదు. "తాళంచెవి ఆఫ్‌లోనే ఉందా?" అని అడిగారు. "ఉందండి, నా జేబులో ఉంది," అన్నాను. "రెక్క అంచు మీదుగా వేళ్లు మడవకూడదని అతనికి తెలుసా?" "తెలిసి ఉండాలండి." ఆ అమ్మాయిని పిలవలేదు. విచారణ ఇరవై అయిదు నిమిషాల్లో ముగిసింది. మెకానిక్కు అజాగ్రత్త అని రాశారు. మర్నాడు అతని ఫైలు మీద నేను 'జాగ్రత్త నియమాలు పాటించడు, సిఫారసు చేయను' అని రాసి సంతకం చేశాను.

మార్చి 1, బుధవారం, మధ్యాహ్నం అతని భార్య మా స్టాఫ్ రూముకు వచ్చింది. కళ్లంలో మిరపకాయలు ఏరుతూ ఏరుతూ వచ్చినట్టుంది, ఆమె నిలబడ్డచోట ఘాటుకు ఇద్దరు తుమ్మారు.

"సారూ, డబ్బు కోసం రాలా. మీరు తిప్పమంటేనే తిప్పాడని ఒక్క ముక్క రాసియ్యండి. ఆయన నిద్రపోటల్లా. నాకు తెలిసి కూడా తిప్పానే, నాకు తెలిసి కూడా తిప్పానే అని అదే గొణుగుడు."

"తెలిసి తిప్పడం అతని తప్పేనమ్మా."

"మీకూ తెలుసంటగా?"

అంతకు ముందు బుధవారం తరగతిలో నేను గీసిన బొమ్మ గురించి ఆమెకు ఎవరో చెప్పారు. నేను గడియారం చూశాను. రెండు గంటలకు తరగతి ఉందని చెప్పాను. నిజంగానే ఉంది. ఆమె నా చేతుల వంక చూసి, "మీ చేతులు రెండూ బాగున్నాయి సారూ," అని వెళ్లిపోయింది. ఆమెకు ఏ కాగితమూ రాసివ్వలేదు.

పోయినవి: కుడిచేతి మూడు వేళ్లు, చూపుడు వేలు నుంచి ఉంగరపు వేలు వరకు. పర్మనెంటు కావలసిన ఒక ఉద్యోగం. స్ప్రేయర్లు విప్పి బిగించే పనితనం. ఏప్రిల్‌లో ప్రయత్నించి మానుకున్నాడని విన్నాను. ఆ అమ్మాయి నా తరగతిలో ప్రశ్నలు అడగడం.

మిగిలినవి: ఇంజను, పూర్తి కండిషన్‌లో. ప్రొపెల్లర్, కడిగితే సరిపోయింది. నా ఉద్యోగం. నోటుపుస్తకం, అన్ని పేజీలతో.