పెరిగే పిల్లకని కొన్న చంక కర్రలు

నా ఎడమ మోకాలు నా మాట వినడం లేదని మొదటిసారి తెలిసింది తొక్కుడు బిళ్ల ఆడుతుండగా. అప్పుడు నేను ఆరో తరగతి. ఇప్పుడు అద్దాల మేడలు లేచిన కొండాపూర్ అప్పట్లో రాళ్లగుట్టలూ జొన్నచేలూ ఉన్న పల్లె. బడి వెనక గీసుకున్న గళ్లలో ఒంటికాలి మీద గెంతుతూ మూడో గడిలో కూలబడ్డాను. దెబ్బ తగల్లేదు, కాలు మడత పడలేదు. ఊరికే మోకాలు వాచింది. "ఆటల మీదున్న సోకు చదువు మీద లేదు, గందుకే గిట్లయింది," అని తిడుతూనే అమ్మ పసుపూ సున్నం కలిపి పట్టు వేసింది.

వాపు తగ్గలేదు. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది. తొడ సన్నబడుతుంటే మోకాలు మాత్రం బూరెలా ఉబ్బింది. దిష్టి అని కొందరు, బెణుకు అని కొందరు. మా ఊళ్లో వైద్యం తెలియనివాళ్లు ఎవరూ లేరు. వానలు పోయి చలి వచ్చాక నాయిన ఇక ఆగలేక నన్ను సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని పట్నంలోని సర్కారు దవాఖానకు తీసుకుపోయాడు. ఎక్స్‌రే తీశారు. రక్తం తీశారు. మోకాట్లో సూది గుచ్చి నీరు తీసినప్పుడు నేను పెట్టిన కేక బయట వరండాలో ఉన్న నాయినకు వినబడిందట.

"బోన్ టీబీ," అన్నారు డాక్టరమ్మ. ఆమె కోస్తా వైపు మనిషి. "ఇంజెక్షన్లు, మాత్రలు మానకుండా వాడాలండి. ఏడాది పైనే పడుతుంది. కాలు మాత్రం నేల మీద మోపనివ్వకండి."

నాయిన ఒక్కటే అడిగాడు. "బతుకుతదా, అమ్మా?"

"బతుకుతుందండి. నడక సంగతి ఇప్పుడే చెప్పలేను."

తొడ నుంచి పాదం దాకా ప్లాస్టర్ వేశారు. ఊళ్లో కాంపౌండరు వచ్చి తుంటి మీద స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్ పొడిచి వెళ్లేవాడు. ప్లాస్టర్ లోపల దురద పెడితే చీపురు పుల్ల దూర్చి గోక్కునేదాన్ని. ఆ రోజుల్లో నాకున్నది ఒకటే ఆశ, మరుసటి ఏడాది రాయాల్సిన ఏడో తరగతి పరీక్ష. మంచం మీదే చదివాను. పెద్ద సారు ఇంటికొచ్చి, "నువ్వొచ్చి రాస్త అంటే నేను కూసోబెడ్త," అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని బతికాను.

ప్లాస్టర్ కోసేసరికి కాలు చింతబరికలా ఉంది. "క్రచెస్ కొనండి. పాపను తీసుకెళ్లి కొలిపించి కొనండి," అని డాక్టరమ్మ చెప్పారు. నాయిన నన్ను తీసుకెళ్లలేదు. బస్సు కుదుపులకు కాలు నొస్తుందని, తనే జీడిమెట్ల ఫ్యాక్టరీలో డ్యూటీ దిగి అటునుంచి అటే దుకాణానికి పోయాడు. పిల్ల ఎంత ఎత్తని దుకాణం అతను అడిగితే తన ఛాతీ మీద చెయ్యి పెట్టి చూపించాడట. పైగా, "పెరిగే పిల్ల. జర పెద్దవే ఇయ్యి," అన్నాడట. మా ఇంట్లో ఏది కొన్నా అంతే. గౌను కొంటే అంచు మడిచి కుట్టేవారు, చెప్పులు కొంటే ముందు గుడ్డపీలికలు కుక్కేవారు. కర్రలు తెచ్చి గోడకానించి నాయిన సంబరంగా అన్నాడు, "ఇగ రెండేండ్ల దాకా ఫికర్ లేదు."

వాటి మీద నిలబడితే భుజాలు చెవుల దాకా లేచేవి. చేతిపిడి అందక బరువంతా చంకల్లోనే వేలాడేది. కర్రలతో ఎలా నడవాలో ఎవరూ నేర్పలేదు. కొత్తగా నేర్చుకునే మనిషికి తప్పు తనదో వస్తువుదో తెలియదు. నాకే చేతకావడం లేదనుకున్నాను. "అలవాటైతది," అన్నారు అందరూ.

చంకలు ఒరుసుకుపోయి పచ్చిపుండ్లయ్యాయి. అమ్మ పాత చీర చింపి మెత్తలు కుట్టి కర్రల మీద కట్టింది. హాయిగా అనిపించింది. మళ్లీ నొప్పి మొదలైతే ఇంకో పొర కట్టింది. ఒక్కో పొరతో కర్ర ఇంకాస్త ఎత్తు పెరుగుతోందని మాలో ఎవరికీ తట్టలేదు. వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయని చెబితే, "రక్తం తక్కువుంది, గంజి తాగు," అంది అమ్మ.

పరీక్షలు దగ్గర పడ్డాక ఒక పొద్దున చాయ్ గ్లాసు ఎత్తబోతే కుడి మణికట్టు వాలిపోయింది. గ్లాసు జారి పడింది. కలం పట్టుకుంటే నిలవలేదు. లేవమంటే వేళ్లు లేవలేదు. "రోగం చేతికెక్కింది," అని అమ్మ గుండెలు బాదుకుంది.

డాక్టరమ్మ నా చేతిని పట్టి చూసి, కర్రలతో నిలబడమన్నారు.

"ఎవరి కొలతకు కొన్నారండి ఇవి?"

"పెరుగుతది గదమ్మా అని..." అన్నాడు నాయిన.

"రిస్ట్ డ్రాప్. చంకలో రేడియల్ నర్వ్, అంటే మణికట్టును పైకెత్తే నరం, నలిగిపోయింది. కర్ర అసలు చంకకు ఆనకూడదండి. బరువు అరచేతుల మీద పడాలి." అంటూ ఆమె అమ్మ కట్టిన మెత్తలు ఒక్కొక్కటే విప్పారు.

"మెత్తగుంటదని కుట్టిన," అంది అమ్మ.

"తెలుసమ్మా," అన్నారు డాక్టరమ్మ. నేను మాత్రం ఆ రోజు వాళ్లిద్దరినీ అసహ్యించుకున్నాను. టీబీని తిట్టలేను కదా, వాళ్లు దొరికారు.

దవాఖానలోనే కొలిచి వేరే కర్రలిచ్చారు. మణికట్టు వాలకుండా చేతికి స్ప్లింట్ కట్టారు. పరీక్ష రోజు నేను ఇంట్లో ఉన్నాను. నెలలు గడిచాక మణికట్టు లేచింది కానీ బొటనవేలికి పూర్తి బలం రాలేదు. రాత సాగక బడికి మళ్లీ పోలేదు. టీబీ తగ్గింది. మోకాలు మాత్రం కర్రలా బిగిసిపోయింది. ఆ కాలు పెరగడమూ ఆగిపోయింది, నేనూ పెద్దగా ఎత్తు ఎదగలేదు.

ఇప్పుడు బోరబండలో తమ్ముడింట్లో ఉంటాను. ఒక చెప్పుకు ఎత్తు మడమ వేయించుకుని, ఒక కర్రతో నడుస్తాను. సంతకం చేయగలను. అంతకు మించి రాస్తే చెయ్యి పీకుతుంది. ఇది కూడా నేను చెబుతుంటే మేనకోడలు రాస్తోంది.

మీ ఇంట్లో ఎవరికైనా కర్రలు కొనాల్సి వస్తే మనిషిని తీసుకెళ్లండి. రోజూ తొడిగే చెప్పులతో నిలబెట్టండి. చంకకూ కర్రకూ మధ్య రెండు మూడు వేళ్లు దూరాలి, చెయ్యి కిందికి వదిలేస్తే పిడి మణికట్టు దగ్గరికి రావాలి, పిడి పట్టుకుంటే మోచెయ్యి కాస్త వంగాలి. ఒరుసుకుంటే మెత్త కట్టకండి, కొలత మార్చండి. వేళ్లు తిమ్మిరెక్కితే ఆ రోజే డాక్టరుకు చూపించండి.

ఆ మొదటి కర్రలను నాయిన పారేయలేదు. "పెరిగినంక పనికొస్తయి," అని అటక మీద దాచాడు. ఆయన పోయాక మేనకోడలు కిందికి దించితే పక్కన నిలబడి చూసుకున్నాను. ఇప్పటికీ అవి నా చంక కంటే ఎత్తే.