బొమ్మ కంప్యూటర్‌లో అమ్మ గొంతు

మేడ్చల్‌లో మా ఇంటికి కాస్త దూరంలో, పెద్ద రోడ్డు అవతల, ఒక రేకుల షెడ్డు ఉండేది. అక్కడ పిల్లల బొమ్మ కంప్యూటర్లు బిగించేవారు. చిన్న సూట్‌కేసులా మూత తెరిస్తే లోపల అరచేయంత బూడిద రంగు తెర, కింద అక్షరాల మీటలు. మీట నొక్కితే ఒక తెల్లదొరసాని గొంతు ‘ఏ ఫర్ యాపిల్’ అనేది; అది అడిగిన అక్షరం కాక వేరే మీట నొక్కితే ‘ట్రై అగైన్’ అనేది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మా అమ్మ అక్కడ పనికి కుదిరింది. బిగించిన ప్రతి బొమ్మనూ పరీక్షించడం ఆమె పని. వరసగా అన్ని మీటలూ నొక్కి, అన్నీ పలికితే పచ్చ చీటీ అంటించాలి.

అమ్మ బడికి వెళ్లింది మూడో తరగతి దాకా, అదీ తెలుగు బడికి. ఇంగ్లీషు అక్షరాలు ఆ బల్ల దగ్గరే నేర్చుకుంది. మీటలు ఏ వరసలో ఉంటే ఆ వరసలో నేర్చుకుంది. అందుకే ఆమె ఇంగ్లీషు వర్ణమాల క్యూతో మొదలయ్యేది. “క్యూ, డబ్ల్యూ, ఈ, ఆర్, టీ, వై” అని గుక్క తిప్పుకోకుండా చెప్పేది. అది తప్పు వరస అని నేను నవ్వితే, “నీ బళ్లో తప్పు జెప్తున్నరేమో అడుగు పో” అనేది. నేను పప్పులో ఉప్పు ఎక్కువ వేసిన రోజు దొరసాని గొంతుతో, ఆ యాసతోనే, “ట్రై అగైన్!” అనేది. నాయిన లారీ మీద వెళ్లి పది రోజులకోసారి ఇంటికి వచ్చేవాడు. ఆయన లేని రోజుల్లో మా ఇంట్లో నవ్వులు ఎక్కువగా ఆ దొరసాని పుణ్యమే.

నేను అయిదో తరగతిలో ఉండగా షెడ్డు సారుకు తెలుగు బొమ్మ చేయాలన్న ఆలోచన వచ్చింది. గొంతు ఇవ్వడానికి బౌరంపేట్‌లో చిన్నపిల్లల బడి నడిపే ఒక టీచరమ్మను పిలిపించాడు. ఆమెది కోస్తా వైపు. సన్నటి కళ్లజోడు, నిదానమైన మాట. ఆ శనివారం ఒంటిపూట బడి అయ్యాక అమ్మకు అన్నం గిన్నె ఇద్దామని వెళ్లాను. సామాన్ల గదిలో అట్టపెట్టెలు గోడలా పేర్చి, మధ్యలో బల్ల మీద టేపు రికార్డరు పెట్టారు. ఏ మీటకు ఏ అక్షరమో చూపించడానికి అమ్మను పక్కన నిలబెట్టారు. నేను ఒక పెట్టె మీద కూర్చున్నాను.

టీచరమ్మ అక్షరాలన్నీ ముత్యాల్లా పలికింది. చివరికి పిల్లలు తప్పు మీట నొక్కితే బొమ్మ అనాల్సిన మాట వచ్చింది. కాగితంలో రాసింది రాసినట్టు, “తప్పు. మళ్లీ ప్రయత్నించు” అని చదివి ఆగిపోయింది.

“ఇలా అంటే మా బడి పిల్లలు ఏడుస్తారండీ,” అంది సారుతో. తర్వాత అమ్మ వైపు తిరిగింది. “మీ పాప చదువుతూ తప్పు చెబితే మీరేమంటారమ్మా?”

అమ్మ కొంగు సర్దుకుంది. “నేనేమంట టీచరమ్మా... ఏం గాదు బిడ్డా, ఇంకోపారి జూడు అంట.”

“అదేనండీ. అదే పెట్టండి.”

సారు తల గోక్కున్నాడు. “గది ఇంటి భాష గద టీచర్. కొనెటోళ్లు నవ్వరా? పుస్తకం లెక్క ఉండాలె.”

“పుస్తకం చదవడానికి అక్షరాలు నేను చెప్పాను కదండీ. పిల్లల్ని ఓదార్చేది ఆవిణ్ణి చెప్పనివ్వండి,” అందామె.

సారు ఒప్పుకున్నాడు. కానీ టేపు తిరగడం మొదలయ్యేసరికి అమ్మ గొంతు బిగుసుకుపోయింది. ఒకసారి రేడియోలో వార్తలు చదివినట్టు అంది, ఇంకోసారి మాట మధ్యలో నవ్వేసింది. “నాతోని గాదు సార్, సిగ్గయితాంది” అని వెళ్లబోయింది. అప్పుడు టీచరమ్మ నన్ను పిలిచి అమ్మ ఎదురుగా కూర్చోబెట్టింది. తన దగ్గరున్న అక్షరాల పటం తీసి, “ఇదేంటో చెప్పమ్మా” అని ఒకదాని మీద వేలు పెట్టింది.

అది ‘ఌ’. మా బడిలో ఎవరూ దాన్ని రాయించలేదు. క్లాసులో మొదటి ర్యాంకు నాది. షెడ్డు సారు చూస్తున్నాడు, తలుపు దగ్గర పనివాళ్లు నలుగురు తొంగి చూస్తున్నారు. ఏదో ఒకటి అనాలని “ను” అన్నాను. ఎవరో కిసుక్కుమన్నారు. నా చెవులు వేడెక్కాయి, పటం మసకబారింది.

“ఏం గాదు బిడ్డా,” అంది అమ్మ, నా మొహంలోకి వంగి. “ఇంకోపారి జూడు.”

టేపు తిరుగుతూనే ఉంది. టీచరమ్మ మెల్లగా చెయ్యెత్తి ఆపొద్దని సైగ చేసింది. తర్వాత నన్ను దగ్గరకు తీసుకుని, “అది నాకూ చాలా ఏళ్లు రాలేదు” అంది. ఆ అక్షరం ఎలా పలకాలో నేర్పింది. నేను పలికాను. అమ్మ “శాబాష్ బిడ్డా!” అంది. అదీ టేపులోకి ఎక్కింది.

ఆ టేపును బొంబాయి పంపారు. వానాకాలం పోయాక ఆ గొంతులు ఎక్కించిన చిప్పులు వచ్చాయి. మొదటి బొమ్మను అందరి ముందు పెట్టి తప్పు మీట నొక్కారు. గొంతు సన్నగా, కొంచెం తొందరగా వినిపించింది. “గిది నేను గాదు, పిట్ట కూసినట్టున్నది!” అని అమ్మ కొట్టిపారేసింది. నేను మాత్రం గుర్తుపట్టాను. ‘బిడ్డా’ అనే ముందు అమ్మ ఒక చిన్న ఊపిరి తీస్తుంది. అది కూడా అందులోకి వచ్చింది.

అప్పటి నుంచి షెడ్డులో రోజంతా అమ్మ గొంతే. తప్పు మాట పలుకుతోందో లేదో చూడాలంటే కావాలని తప్పు మీట నొక్కాలి. అమ్మ పక్క బల్ల మీద కూర్చునే ఒకామెకు ఆ నెలలో కడుపు పోయింది. నాలుగు రోజులకే పనిలోకి వచ్చింది, ఎవరితోనూ మాట్లాడేది కాదు. ఒక మధ్యాహ్నం ఆమె ఒకే బొమ్మను ముందు పెట్టుకుని తప్పు మీటనే మళ్లీ మళ్లీ నొక్కుతూ కూర్చుంది. ఏం గాదు బిడ్డా. ఏం గాదు బిడ్డా. సారు అటు రాబోతుంటే అమ్మ లేచి, అవసరం లేని లెక్క ఏదో అడుగుతూ ఆయన్ని బయటి దాకా తీసుకుపోయిందట. ఆ సంగతి అమ్మ నాకు చెప్పింది నా పెళ్లయ్యాక.

తెలుగు బొమ్మలు అమ్ముడుపోలేదు. ఇంటి భాష అని కాదు, అసలు తెలుగే వద్దన్నారు. పిల్లలకు ఇంగ్లీషు రావాలని కొనేవాటిలో అఆలు ఎందుకని దుకాణాల వాళ్లు పెట్టెలు తిప్పి పంపారు. సారు మళ్లీ దొరసానినే తెచ్చాడు. రెండేళ్లకు షెడ్డూ మూతపడింది. అమ్మ తుర్కపల్లి వైపు మందుల కంపెనీలో డబ్బాలు సర్దే పనికి వెళ్లింది. అక్కడ రోజంతా ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకోవాలి.

షెడ్డు మూసే ముందు మిగిలిన బొమ్మల్లో కొన్ని తన బడికి ఇమ్మని టీచరమ్మ అడిగితే, అమ్మా నేనూ సంచుల్లో పెట్టుకుని బౌరంపేట్ తీసుకెళ్లాం. చిన్నపిల్లలు చాప మీద గుంపుగా కూర్చున్నారు. ఒక పాప బొమ్మను ఒళ్లో పెట్టుకుని నొక్కింది. తప్పు మీట. బొమ్మ తన మాట తాను అంది.

“సరే,” అంది ఆ పాప, దానికి జవాబుగా.

అమ్మ గుమ్మం దగ్గర చెప్పులు విడవకుండా అలాగే నిలబడిపోయింది. టీచరమ్మ లోపలికి రమ్మన్నా రాలేదు. మంచినీళ్లు తాగి, పోయొస్తాం అని చెప్పింది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో సీటు దొరకలేదు, మేడ్చల్ దాకా నిలబడే వచ్చాం. దారంతా అమ్మ ఒక చేత్తో పై కమ్మీ పట్టుకుని, రెండో చేత్తో నా జడ సవరిస్తూ ఉండిపోయింది.