ఉత్త బేరాల యుద్ధం

మా తమ్ముడు తన దుకాణానికి అద్దాల తలుపు పెట్టించిన రోజు నాకు జ్వరం వచ్చింది. ఉత్తుత్తి జ్వరం కాదు, దవాఖానకు పోయి సూది వేయించుకున్నాను. మా ఇంటామె మాత్రం నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, "గిది ఒంటి జ్వరం కాదు, కంటి జ్వరం" అని తేల్చేసింది.

చిట్యాలలో బాపు నడిపిన బట్టల దుకాణాన్ని ఆయన పోయాక మేమిద్దరం పంచుకున్నాం. తెలంగాణ వచ్చిన కొత్తలో సంగతి. పాత దుకాణం, పాత బల్లలు, పాత గిరాకీ నాకు వచ్చాయి. వాడు తన వాటా రొక్కంగా తీసుకుని రోడ్డుకు అవతలి పక్క జాగా కిరాయికి పట్టాడు. పేరున్న దుకాణం నాకు దక్కింది, కిరాయి కట్టే బాధ వాడి మీద పడింది, ఇంతకన్నా మంచి బేరం ఎవడు చేస్తాడని ఆ రోజు లోలోపల నవ్వుకున్నాను. కొన్నేళ్లు తిరిగేసరికి వాడి దుకాణంలో ఏసీ వచ్చింది, తెల్లటి పరుపులు వచ్చాయి, గోడకు తలుపంత టీవీ వచ్చింది. నా దుకాణంలో ఫ్యాను మూలుగుతూ తిరిగేది. చీరల కోసం వచ్చినవాళ్లు ఆ మూలుగు విని నా ఆరోగ్యం అడిగేవాళ్లు.

ఆ రోజుల్లోనే ఎక్కడో దూరదేశాల్లో యుద్ధాలు మొదలై, టీవీ నిండా డ్రోన్లు ఎగరసాగాయి. మా దగ్గర అప్పటిదాకా డ్రోన్ అంటే పెండ్లిలో తలల మీద జుయ్యిమని తిరిగి ఫొటోలు తీసేది. ఆ తర్వాత వరి మడుల మీద మందు కొట్టేది వచ్చింది. టీవీలోది ఆ రెండింటి తీరు కాదు. రెక్కలున్న చిన్న విమానం, లోపల మనిషి ఉండడు, ముక్కులో మందుగుండు ఉంటుంది. ఒక దేశంలో వదిలిపెడితే వందల మైళ్లు తనంతట తానే ఎగిరిపోయి ఇంకో దేశంలో ఊరి మీద పడుతుంది. చప్పుడు మాత్రం మన పాత మోపెడ్ చప్పుడే. మొదటిసారి విన్నప్పుడు పాలవాడు వచ్చాడేమోనని నేను రోడ్డు వైపు తిరిగి చూశాను.

బస్సు కోసం నిలబడ్డవాళ్లు, అంగడికి వచ్చినవాళ్లు అందరూ యుద్ధం చూడటానికి తమ్ముడి దుకాణంలోకి పోయేవాళ్లు. చల్లగా ఉండేది కదా. వాడు గజం కట్టె పట్టుకుని టీవీ పక్కన నిలబడి, బడిపంతులు లెక్క చెప్పినట్టు చెప్పేవాడు. నేను చిల్లర కావాలనే వంకతో పోయి వెనుక నిలబడేవాడిని. ఒక రోజు చేతిలో చిల్లర పెట్టుకునే చిల్లర అడిగాను.

"సూడుండ్రి," అంటున్నాడు వాడు, "గా ఎగిరొచ్చేది నూలు తువ్వాల. చవక సరుకు. దాన్ని కూలగొట్టే మిస్సైలేమో పట్టుచీరె. ఒక్కొక్క తువ్వాలను ఆపనీకి ఒక్కొక్క పట్టుచీరె చింపుకోవాలె. అటోడు పొద్దుమాపు తువ్వాలలు పంపుతనే ఉంటడు. ఇటోని తాన పట్టుచీరెలు ఎన్ని దినాలుంటయి?"

"చింపకుంటె?" అని ఎవరో అడిగారు.

"చింపకుంటె ఇల్లు కూలుతది."

అందరూ తలలు ఊపారు. ఆ తువ్వాల పోలిక నాకు తట్టాల్సింది. చిన్నప్పటి నుంచి బేరంలో నాలుక నాదని పేరు, వాడు మూటలు మోసేవాడు. ఇప్పుడు నాలుక కూడా వాడే పట్టుకుపోయాడు.

"ఇంకోటి," అన్నాడు వాడు. "వచ్చేటివాట్ల చానా మటుకు ఉత్తయేనట. మందు లేని డమ్మీలు. ఏది ఉత్తదో ఏది అసలుదో కిందినుంచి చూస్తె తెల్వది. అన్నింటినీ కొట్టాల్సిందే. ఒక్కటి ఇడిచిపెట్టినవా, అదే అసలుది అయితది."

అంతలో టీవీలో ఒక మేడ కనిపించింది. ముందు గోడ మొత్తం పోయింది. మూడో అంతస్తులో ఒక అల్మారా తలుపులు తెరుచుకుని ఉంది, లోపల బట్టలు మడత చెదరకుండా ఉన్నాయి. ఎవరో ఇల్లాలు అంచులు కలిపి, కొలిచినట్టు మడిచి పెట్టింది. ఆమె ఏమైందో టీవీవాళ్లు చెప్పలేదు. తమ్ముడు గజం కట్టె కిందికి దించాడు. దుకాణంలో ఎవరూ మాట్లాడలేదు. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది గానీ, అంతటి మౌనం కూడా వాడి దుకాణంలోనే కుదిరిందే, నా దుకాణంలో ఎన్నడైనా కుదిరిందా అని బాధపడుతూ రోడ్డు దాటాను.

అప్పుడే నాకు ఒక పెద్ద బేరం తగలబోతున్నది. నల్గొండ వైపు పల్లెలో గొర్లు మేపుకునే పెద్ద కుటుంబం ఒకటి బాపు కాలం నుంచి మా గిరాకీ. ఇంటి పెద్దాయన మనుమరాలి పెండ్లి పెట్టుకున్నాడు. వాళ్లింట్లో పెండ్లి అంటే బంధుబలగం అందరికీ బట్టలు పెట్టాలి. అలాంటి పెండ్లి ఒకటి తగిలితే ఏడాదంతా ఫ్యాను మూలుగును సంగీతం అనుకుని వినవచ్చు. పెద్దాయన వచ్చి గడపలో కూర్చుని చెప్పాడు.

"నాకైతె నీ దుకాణమే సేటు. మా పోరగాండ్లే అద్దాల దుకాణం అంటున్నరు. వచ్చే వారం ఇంటి ఆడోల్లొచ్చి రెండు తాన్ల చూస్తరు. వాళ్లకు ఏది మనసైతె గదే."

ఆడవాళ్లంతా జీపు వేసుకుని వస్తారు, రెండు దుకాణాలూ చూస్తారు. ఆ లోపల తమ్ముడి ఓపిక పట్టుచీరల్లా చిరిగిపోవాలి, వాళ్లు వచ్చేసరికి వాడు విసుక్కుని ముఖం మాడ్చుకోవాలి. ఉపాయం టీవీ చెప్పినట్టే ఉంది గానీ, నిజానికి అది మా బజారులో పాతదే. బాపు కాలంలో ఎదుటి సావుకారి ఒకడు మా మీదికి ఉత్త బేరగాళ్లను పంపేవాడు. వాళ్లు వచ్చి అటక మీది మూటలన్నీ దింపించి, విప్పించి, పెదవి విరిచి పోయేవాళ్లు. మడతలు పెట్టలేక మా చేతులు పడిపోయేవి. మేం విసుక్కుంటే బాపు, "కొనేటోడో ఉత్తోడో మొఖం మీద రాసుండదు బిడ్డా, విప్పాలె" అనేవాడు. బాపు మాటల కన్నా ఆ సావుకారి ఉపాయమే నా మనసుకు ఎక్కువ పట్టింది.

మొదట మా ఇంటామె చిన్నమ్మను పంపాను. ఆమె విప్పించడంలో దిట్ట. మధ్యాహ్నం పోయి పొద్దుగూకేముందు వచ్చి, "అల్లుడా, చీరెలు గుట్ట వడ్డయి. గుట్ట ఎనుక మీ తమ్ముడు కనవడలే" అని చెప్పింది. ఆ పూట అన్నం రుచిగా తగిలింది. తర్వాత రిటైరైన బస్సు కండక్టరు ఒకాయనను ప్యాంటు గుడ్డలు చూడమని పంపాను. మళ్లీ చిన్నమ్మను పంపాను. ఈసారి ఆమె చంకలో కొత్త సంచి పెట్టుకుని వచ్చింది.

"గదేంది?" అన్నాను.

"ఏం జెయ్యాలె అల్లుడా. గా పిలగాడు నవ్వుకుంటనే విప్పుతుండె, చాయ్ తాపిచ్చె. ఉత్త చేతులతోని రానీకి కాళ్లు రాలే. ఒక్కటే తీసుకున్న." ఆగి, గొంతు తగ్గించి, "నీకన్న జర చవకనే" అంది.

మరునాడు చూస్తే కండక్టరు కూడా దర్జీ దగ్గర కొలతలు ఇస్తున్నాడు. ఆటో కిరాయిలు ఇచ్చి మరీ తమ్ముడికి గిరాకీ తోలిన అన్న ఈ జిల్లాలో నేనొక్కడినే అయి ఉంటాను.

అయినా కుళ్లుకు బుద్ధి రాదు, అది ఇంకో దారి వెతుక్కుంటుంది. నేను వాడి మీదికి పంపుతుంటే వాడు నా మీదికి పంపకుండా ఉంటాడా? అంత మంచివాడా? ఆ ఆలోచన వచ్చాక గడప ఎక్కిన ప్రతివాళ్లూ నాకు వాడు పంపినవాళ్లే అనిపించసాగారు. ఒకడు టవల్ ధర అడిగి పోయాడు, ఉత్తోడే. ఒకామె రవిక గుడ్డ వెలుగులో పట్టి చూసింది, ఉత్తదే. మా ఇంటామె చూసి చూసి, "అందరు ఉత్తోల్లే అయితె దుకాణమెందుకు, షట్టర్ గుంజు" అంది.

ఆ వారంలోనే ఒక ఆమె ఒక్కతే వచ్చింది. అరవై దాటి ఉంటుంది. కాళ్లకు దుమ్ము, చేతిలో గుడ్డ మూట. బల్ల మీద కూర్చోకుండా నిలబడే అటక వైపు చూపించింది.

"గా పైన అంచు పెద్దగున్న ఎర్రది చూపియ్యి సేటు. దాని కింద పచ్చది గూడ."

"యాడికెళ్లి వస్తున్నవమ్మా?"

"అమ్రాబాద్ దిక్కు."

నాకు లోపల నవ్వు వచ్చింది. నేను ఆటో దూరంలో ఉన్నవాళ్లను పంపితే, వాడు నల్లమల అడవి నుంచి రప్పించాడు. టీవీ చూసి దూరం పోయే సరుకు పట్టాడన్నమాట.

"ధర చెప్త, విను. విప్పుడెందుకు? కొనేదుంటె విప్పుత," అన్నాను.

ఆమె వింతగా చూసింది. "విప్పకుంటె ఎట్ల కొనాలె? నోట్ల పండ్లు చూడకుండ గొర్రెను పట్టుకపోతరా ఎవరన్న?"

మాట బాగుంది. అంత బాగా మాట్లాడినందుకే అనుమానం గట్టిపడింది. "మంచిగనే నేర్పి పంపిండు. అద్దాల దుకాణంల చాయ్ తాపిచ్చిండా?" అన్నాను.

ఆమెకు నా మాట అర్థం కాలేదు. మూటను ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది. "చాయ్ కోసం రాలే నాయినా," అని మెట్లు దిగి, లారీలు పోయేదాకా ఆగి, రోడ్డు దాటింది. పంపినవాడి దగ్గరికే పోయింది చూశావా అని నేను మా ఇంటామెకు చెప్పాను. ఆమె అటక వైపు ఒకసారి చూసి లోపలికి పోయింది.

రెండు రోజుల తర్వాత జీపు వచ్చింది. నా గడప ముందు ఆగలేదు. ఎదురుగా, అద్దాల తలుపు ముందు ఆగింది. అందరికన్నా ముందు దిగింది ఆమె, అదే గుడ్డ మూటతో.

పెద్దాయన ఒక్కడే నా దగ్గరికి వచ్చాడు, తప్పు తనదైనట్టు తల వంచుకుని.

"మా చెల్లె సేటు. అమ్రాబాద్ దిక్కు ఇచ్చినం. ధరలు చూసిరమ్మని ముందుగాల ఆమెనే తోలినం. మా ఇంట్ల ఆమె మాట దాటరు. నువ్వు ఒక్క చీరె గూడ విప్పలేదంటగద."

నేను ఏదో అన్నాను. ఫ్యాను గురించి అన్నాననుకుంటాను.

ఆ తర్వాత చాలాసేపు నా గడపలోనే, వాడి అద్దాల తలుపులోంచి చూస్తూ కూర్చున్నాను. అద్దం పెట్టించింది నన్ను ఏడిపించడానికేనని అప్పుడు నమ్మకం కుదిరింది. తమ్ముడు ఒక్కొక్క చీర పరుపు మీదికి అలవోకగా విసిరి విప్పుతున్నాడు. ఆడవాళ్లు నవ్వుతున్నారు. పెద్దాయన చెల్లె గోడకు ఆనుకుని కూర్చుని చాయ్ తాగుతోంది. పిల్ల భుజం మీద వేసిన చీర ఎరుపుదే, అంచు పెద్దదే. అలాంటిది నా అటక మీద కూడా ఉంది.

బేరమంతా అయ్యాక తమ్ముడు రోడ్డు దాటి నా దుకాణానికి వచ్చాడు. చాలా కాలమైంది వాడు ఈ గడప ఎక్కి.

"అన్నా, ఒక గొంగడి కావాలె. నల్లది. పీట మీద పరువనీకి."

గొర్లు మేపేవాళ్ల ఇండ్లల్లో నల్ల ఉన్ని గొంగడి పరిచి దాని మీద పిల్లను, పిలగాన్ని కూర్చోబెట్టందే పెండ్లి కాదు. ఏసీ గదిలో ఉన్ని వాసన ఉండిపోతుందని వాడు గొంగళ్లు పెట్టడు. బాపు పెట్టినవే నేను ఇంకా పెడుతున్నాను. నా ప్రాణం లేచి వచ్చింది. ఇన్నాళ్లకు వాడికి కావలసింది నా దగ్గర ఉంది. ధర రెండింతలు చెప్పాను.

తర్వాత జరగాల్సింది నాకు తెలుసు. వాడు సగానికి అడుగుతాడు. నేను బాపు మీద ఒట్టు పెడతాను. వాడు మెట్లు దిగుతాడు. నేను వెనక్కి పిలుస్తాను. వాన పడి గిరాకీ లేని మధ్యాహ్నాలు చిన్నప్పుడు మేమిద్దరం ఆడిన ఆట అదే, ఒకడు సేటు, ఒకడు గిరాకీ. నేను ఒట్టు కోసం గొంతు సవరించుకున్నాను.

వాడు జేబులోంచి పైసలు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఏందిరా? గట్లనే ఇస్తవా? సగానికి అడుగు. జర బేరమాడు."

"వద్దన్నా. వదినె వాళ్ల చిన్నమ్మకు విప్పిన, కండక్టర్ సారుకు విప్పిన, మళ్ల చిన్నమ్మకు విప్పిన. ఓపికంత వాళ్లకాడనే ఒడిసింది."

"నీకు ఎర్కేనా?"

"మొదటి రోజే. ఆమె చంకల మన పాత దుకాణం సంచే ఉండె."

"మరెందుకు విప్పినవ్?"

"విప్పకుంటె ఎట్ల? బాపు ఏమన్నడు?" అన్నాడు వాడు. గొంగడి మడత విప్పి ఉన్ని చూసుకుని, మళ్లీ అంచుకు అంచు కలిపి మడిచాడు.

నాకు ఒక్కటి తెలియాలి. "నువ్వెందర్ని తోలినవ్ నా మీదికి?"

"నేనా?" వాడికి నిజంగానే అర్థం కాలేదు. "నేనెందుకు తోలుత అన్నా?"

గొంగడి భుజాన వేసుకుని వాడు మెట్లు దిగాడు. నేను పిలవాల్సిన చోటుకు వచ్చాడు, దాటిపోయాడు. తెల్లచొక్కా మీద నల్ల ఉన్ని పోగులు అంటుకున్నాయి. అద్దాల తలుపు వాడికి తెరుచుకుని, మూసుకుంది.

లోపలి నుంచి మా ఇంటామె వచ్చి బల్ల మీది పైసలు చూసింది.

"ఎంతకు తెగింది బేరం?"

"ఎక్కడ తెగుతది జల్ది," అన్నాను. "ఒట్టుగూడ పెట్టిచ్చిండు నాతోని. చానా సేపు కొట్లాడిండు."