అర్థం కాలేదని చెప్పిన రోజు

నా చిన్నప్పుడు, నాకు తొమ్మిదో ఏడు నడుస్తుండగా, ఏడాదిన్నర పాటు విజయవాడ వన్ టౌన్‌లో మా పెద్దమ్మ ఇంట్లో ఉన్నాను. కింద మా పెదనాన్న ఎండుమిరపకాయల కొట్టు, దాని వెనక గోడౌను, పైన కాపురం. ఆ ఇంటికి వచ్చిన చుట్టాలు ముందు తుమ్మి, ఆ తరవాతే పలకరించేవారు. పెద్దమ్మ నన్ను ఏనాడూ ఒక్క మాట అనలేదు. కానీ ఎప్పుడూ పది పన్నెండు విస్తళ్ళు లేచే ఇల్లు కావడంతో ఆవిడకు వంటిల్లు దాటి వచ్చే తీరిక ఉండేది కాదు. ఆవిడ కొడుకులు నాకన్నా బాగా పెద్దవాళ్ళు, కాలేజీలకు వెళ్ళేవారు. నేను బడి నుంచి వచ్చి మెట్ల మీద కూర్చుని, సందులో తోపుడు బళ్ళవాళ్ళ అరుపులు వింటూ పొద్దు గడిపేదాన్ని.

నన్ను అక్కడ దిగబెట్టింది మా నాన్న. ఆయన దివిసీమ వైపు కాలువ లాకుల దగ్గర పనిచేసేవారు. ఆ వేసవిలో అమ్మకు దగ్గు పట్టుకుని ఎంతకీ వదల్లేదు. ఒక పొద్దున నేను లేచేసరికి అమ్మ మంచం ఖాళీగా ఉంది. "అమ్మ గాలి మార్పుకి వెళ్ళింది తల్లీ. కొన్నాళ్ళు నువ్వు పెద్దమ్మ దగ్గరుండాలి. అర్థమైందా?" అన్నారు నాన్న. నాకేమీ అర్థం కాలేదు. గాలి మారడమంటే ఏమిటో, మా ఊరి గాలికి ఏమొచ్చిందో, నన్ను ఎందుకు తీసుకెళ్ళలేదో తెలియలేదు. నేనేదో తప్పు చేసి ఉంటానని మాత్రం అనిపించింది. ఆయన ముఖం చూసి, "అర్థమైంది నాన్నా" అన్నాను. ఆ మాటకు ఆయన ముఖం కాస్త తేటపడింది. పెద్దవాళ్ళకు ఆ మాట హాయిగా ఉంటుందని ఆ రోజు కనిపెట్టాను. ఆ తరవాత ఎవరేం చెప్పినా అదే అనడం అలవాటు చేసుకున్నాను.

మేడ మీద ఒక్క గది వాటాలో ఒక అక్క అద్దెకుండేది. ముప్పై ఏళ్ళు దగ్గరపడుతున్నా పెళ్ళి కాలేదు. ఉద్యోగం చేస్తూ ఒంటరిగా ఉండడం చూసి చుట్టుపక్కల ఆడవాళ్ళు ఆవిడతో ముభావంగానే ఉండేవారు. రేడియోలో బడి పిల్లలకు పాఠాలు రాసేదట. ఆ ఏడు ఆవిడను కొత్త పనిలో వేశారు. అమెరికావాళ్ళ ఉపగ్రహం ఒకటి ఏడాది పాటు మన దేశం వాడుకోబోతోందనీ, దాని ద్వారా పల్లెటూళ్ళ బళ్ళకు టెలివిజన్‌లో పాఠాలు పంపాలని ఢిల్లీలో పెద్దలు ఆలోచిస్తున్నారనీ, ఆ పాఠాల్లో కొన్ని తెలుగులో తను రాయాలనీ నాకు చెప్పింది. మా ఇంట్లో ఎవరూ అప్పటికి టెలివిజన్ చూసినవాళ్ళు కారు. పెదనాన్నకు చెబితే నవ్వి, "ఇక్కడ కరెంటే సరిగ్గా ఉండదు, ఆకాశం నుంచి బొమ్మలంట!" అన్నారు.

అక్క మాత్రం నవ్వకుండా, డాబా మీద నిలబెట్టి ఆకాశంలోకి వేలు చూపించి చెప్పింది. ఆ ఉపగ్రహం చాలా ఎత్తున ఒకేచోట నిలిచినట్టు ఉంటుందట. ఎక్కడో పట్నంలో మాట్లాడితే ఆ మాట పైకి వెళ్ళి, అక్కడి నుంచి ఒకేసారి వేల ఊళ్ళ మీదికి దిగుతుందట. ఊళ్ళో కోళ్ళగూటికి కట్టే జాలీలాంటి దానితో చేసిన పెద్ద గొడుగు దాన్ని పట్టుకుంటుందట. "అర్థమైందా?" అంది. "అర్థమైందక్కా" అన్నాను.

దసరా సెలవులకు ముందు ఒక శనివారం, పెద్దమ్మనడిగి నన్ను తనతో కంకిపాడు వైపు ఒక పల్లెకు బస్సులో తీసుకెళ్ళింది. ఆవిడ రాసిన పాఠం అక్కడి పిల్లలకు వినిపించి చూడాలట. మూడు కుండలు ఒకదాని మీద ఒకటి పెట్టి, బొగ్గు, ఇసుక వేసి కాలువ నీళ్ళు వడగట్టుకోవడం ఆ పాఠం. టెలివిజన్ లేదు కాబట్టి, తరగతిలో ఒక దుప్పటి కట్టి, దాని వెనక నుంచి అక్క చదివింది. ముందు నేను నిలబడి అట్టల మీద బొమ్మలు ఒక్కొక్కటే చూపించాను. పాఠం అయ్యాక హెడ్మాస్టరు గారు బెత్తం బల్ల మీద ఆనించి, "అర్థమైందట్రా?" అన్నారు. "అర్థమైందండీ!" అని బడంతా ఒక్కటే కేక. ఆయన అక్క వైపు తిరిగి, "మావాళ్ళు చురుకండీ. రాసుకోండి" అన్నారు.

అక్క రాసుకోలేదు. వెంట తెచ్చిన మూడు కుండలూ, బొగ్గూ, ఇసుకా ముందు పెట్టి, "ఎవరైనా వచ్చి చేసి చూపించండమ్మా" అంది. ఒక్కరూ కదల్లేదు. చివరికి ముందు వరుసలోని ఒక పిల్ల లేచి, బొగ్గూ ఇసుకా ఒకే కుండలో పోసి, ఏడుపు ముఖంతో నిలబడింది. హెడ్మాస్టరు గారికి తల కొట్టేసినట్టయింది. ఆయన బెత్తం తీయబోతే అక్క అడ్డుపడి, "తప్పు వాళ్ళది కాదండీ, నాది. నేను చెప్పింది బాగాలేదు" అంది. పెద్దవాళ్ళు పదిమందిలో తప్పు నాది అనడం అంతవరకూ నేను వినలేదు.

తిరుగు బస్సులో అక్క చాలాసేపు కిటికీలోంచి చేలు చూస్తూ కూర్చుంది. వారంలో ఆ పాఠం ఢిల్లీకి పంపాలట. పిల్లలకు అర్థమైందని ఒక్క ముక్క రాసేస్తే పని అయిపోతుందని పైఅధికారి చెప్పాడట. ఉన్నట్టుండి నా వైపు తిరిగి, "నీకు అర్థమైందా?" అంది.

"అర్థమైందక్కా."

"అయితే ఇసక ఏ కుండలో పొయ్యాలి?"

నేను తల దించుకున్నాను. అక్క నన్ను కోప్పడలేదు.

మర్నాడు పొద్దున డాబా మీదికి పిలిచి నా చేతికి సుద్దముక్క ఇచ్చింది. తను గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. "లోపల్నుంచి ఒక ముగ్గు చెప్తాను. నువ్వు బయట వెయ్యి. నన్నేమీ అడక్కూడదు. నేనడిగినప్పుడు మాత్రం అర్థమైందో లేదో చెప్పు" అంది. ఏడు చుక్కలు పెట్టమంది. పైకీ కిందకీ ఒక్కో చుక్క తగ్గించుకుంటూ నాలుగు వచ్చేదాకా పెట్టమంది. నాకు ముగ్గులు రావు. అమ్మ నేర్పేలోపే వెళ్ళిపోయింది. చుక్కలు సందుల్లో పెట్టాలని తెలియక ఒకదాని కింద ఒకటి పెడుతూ పోయాను. "అర్థమైందా?" అని ఐదారుసార్లు అడిగింది లోపల్నుంచి. అడిగినప్పుడల్లా అర్థమైందన్నాను. అది ముగ్గు కావడం లేదని నా కళ్ళకు కనిపిస్తూనే ఉంది. అయినా అన్నాను.

తలుపు తీసుకుని వచ్చి అక్క ఆ వంకర గీతలు చూసింది. నవ్వుతుందేమో అనుకున్నాను. నా పక్కన నేల మీద కూర్చుని, "చుక్కలు సందులో పెట్టాలని నేను చెప్పలేదు. అది నా తప్పు. అర్థం కాలేదని నువ్వు ఒక్కసారి అనుంటే అక్కడే సరిచేసేదాన్ని. ఎందుకనలేదురా?" అంది.

నాకు ఎక్కడి నుంచి వచ్చిందో ఏడుపు వచ్చేసింది. అర్థం కాలేదంటే నాన్న బాధపడతారని చెప్పాను. పెద్దమ్మకు పని పెరుగుతుందన్నాను. అమ్మ ఎక్కడుందో నాకు తెలియదనీ, నేను అల్లరి చేశాననే వెళ్ళిపోయిందేమోననీ, ఇంతవరకూ ఎవరికీ చెప్పనిదంతా ఆ డాబా మీద చెప్పేశాను. అక్క నా వీపు నిమురుతూ అంతా విన్నది. అమ్మ సంగతి తనకు తెలిసే ఉంటుందని ఇప్పుడనుకుంటాను. కానీ ఆవిడ చెప్పలేదు. అది చెప్పవలసినవాళ్ళు వేరే ఉన్నారని ఊరుకుని ఉంటుంది.

"చూడు," అంది. "ఆ పైనుండే ఉపగ్రహానికి మాట ఉంటుంది గానీ చెవులుండవు. కింద ఎంతమందికి అర్థం కాకపోయినా దానికి తెలీదు, చెప్పుకుంటూ పోతుంది. అందుకే నేను ఊరూరూ తిరుగుతున్నా. కానీ మీ నాన్న నీ ఎదురుగా కూర్చునే మనిషి కదా. ఆయనకు చెవులున్నాయి. అడుగు."

ఆ తరవాతి ఆదివారం నాన్న వచ్చారు. ఎప్పటిలాగే బడి సంగతి అడిగి, "అమ్మ బాగానే ఉంది, గాలి మార్పు ఇంకొన్నాళ్ళు పడుతుంది, అర్థమైంది కదూ" అంటూ చెప్పులు వేసుకోబోయారు. "అర్థం కాలేదు నాన్నా" అన్నాను. ఆయన ఆగిపోయారు. "గాలి మార్పంటే ఏంటి? అమ్మ ఎక్కడుంది? నా మీద కోపమా?" అని అడిగేశాను.

వంటింటి గుమ్మంలో పెద్దమ్మ గరిటెతో అలాగే నిలబడిపోయింది. నాన్న చెప్పులు విడిచి మళ్ళీ లోపలికి వచ్చి కూర్చున్నారు. ఆయన కన్నీళ్ళు అప్పుడే మొదటిసారి చూశాను. అమ్మకు క్షయ అనీ, కృష్ణకు అవతల ఒడ్డున ఆసుపత్రిలో ఉందనీ, రోజూ సూదులు వేస్తున్నారనీ చెప్పారు. తగ్గుతుందంటున్నారట. ఎప్పటికో ఆయనకూ తెలియదట. "నీ మీద కోపమేంటమ్మా, నీకంటుకుంటుందేమోనని భయం" అన్నారు. ఆ మాటలు భయపెట్టేవే. అయినా ఎన్నో నెలల తరవాత ఆ పూట నేను కడుపునిండా అన్నం తిన్నాను.

పై ఆదివారం నన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళారు. బ్యారేజీ మీద బస్సు వెళుతుంటే నీళ్ళు చూశానో లేదో గుర్తు లేదు. అమ్మ వరండా ఆ చివర, నేను వేపచెట్టు కింద. చాలా చిక్కిపోయింది. అంత దూరం నుంచీ గొంతు పెంచలేక, జడ ఎవరు వేస్తున్నారని చేత్తో సైగ చేసి అడిగింది. నేనే వేసుకుంటున్నానని సైగ చేశాను. ఆ తరవాత నెలకోసారి వెళ్ళేవాళ్ళం. మరుసటి ఏడాది వానాకాలంలో అమ్మ ఇంటికి వచ్చింది. ఆ తరవాత చాలా ఏళ్ళు బతికింది.

అక్క కుండల పాఠాన్ని ఎన్నిసార్లు తిరగరాసిందో నాకు తెలుసు, నా చేత ప్రతిసారీ చేయించి చూసేది గనుక. పంపడం ఆలస్యమై పైవాళ్ళతో మాటలు పడిందట. చివరికి ఉపగ్రహం పాఠాలకు ఎంపికైన ఊళ్ళలో మా వైపు ఊళ్ళు లేవు. వానలు తక్కువ పడే దూరపు జిల్లాలకు పంపారు. కంకిపాడు పిల్లలు గానీ నేను గానీ ఆ పాఠాన్ని తెర మీద చూడనే లేదు. సంక్రాంతి లోపే అక్కను ఎక్కడికో బదిలీ చేశారు. నేను బడిలో ఉండగా సామాను రిక్షాలో వేసుకుని వెళ్ళిపోయింది. మేడ గదికి తాళం చూసి, ఆ సాయంత్రం మళ్ళీ మెట్ల మీదే కూర్చున్నాను. ఉత్తరం వస్తుందని చాలాకాలం చూశాను. రాలేదు.

నేను పెద్దయ్యాక ప్రభుత్వ ఆసుపత్రిలో మందులిచ్చే కిటికీ దగ్గర ఉద్యోగంలో చేరి, అక్కడే రిటైరయ్యాను. ఎవరికి మాత్రలిచ్చినా "అర్థమైందా" అని అడిగేదాన్ని కాదు. "ఇంటికెళ్ళి ఎలా వేసుకుంటారో ఒకసారి నాకు చెప్పండి" అనేదాన్ని. వెనక వరుస విసుక్కునేది. అయినా వాళ్ళు తడబడుతూ చెప్పేదాకా ఆగేదాన్ని. తప్పు చెబితే, నేను సరిగ్గా చెప్పలేదండీ అని మళ్ళీ మొదటి నుంచి చెప్పేదాన్ని. అదంతా అక్క పెట్టిన భిక్షే.

కానీ ఈ వయసులో ఒక్కటి మాత్రం నన్ను వదలడం లేదు. అంతమందికి అర్థమైందో లేదో అని ఊరూరూ తిరిగి అడిగిన మనిషిని, ఆ గదిలో ఒక్కదానివే ఎలా ఉంటున్నావక్కా అని ఆ ఇంట్లో ఎవరమూ అడగలేదు. నేనూ అడగలేదు.