కట్టకు మరవ అడిగిన మనిషి

వాగు మొగ మూయనివ్వనని చాలా ఏళ్ళ కిందట ఒక మనిషికి మాట ఇచ్చాను. నిలబెట్టుకోలేదు. మొన్న పొద్దున పూతలపట్టు నుంచి ఫోనొచ్చింది, ఆ మనిషి పోయాడని. మా ఊరి నీరుగంటి ఆయన. చెరువు నీళ్ళు వంతులవారీగా పొలాలకు వదలడం, వానల్లో కట్టను కాపాడటం ఆయన పని.

అప్పట్లో నేను సముద్రం ఒడ్డున ఒక పట్నంలో ఇంజనీరును. సముద్రం ఏటేటా ముందుకొస్తోంది, పట్నాన్ని కాపాడే పథకం వేయమన్నారు. ఆఫీసులో నలుగురం చిత్తూరు, పలమనేరు వైపు వాళ్ళమే. చుక్క నీళ్ళు పోకుండా ఆపడమే మాకు తెలిసిన విద్య. సముద్రాన్ని కూడా పెద్ద చెరువే అనుకున్నాం. ఒడ్డు పొడుగునా మట్టికట్ట పోయాలని గీత గీశాం.

గర్వంగా మా నీరుగంటి పెద్దాయనను ఊరి నుంచి పిలిపించి చూపించాను. ఆయన పటం చూడలేదు. పార భుజాన వేసుకుని ఒడ్డంతా నడిచాడు. పెళ్ళిళ్ళకు కూడా ఆ పారతోనే పోయేవాడు. పట్నం నీళ్ళన్నీ సముద్రంలో కలిసే వాగు మొగ దగ్గర ఆగి, వల బాగుచేసుకుంటున్న జాలరి ఆమెను అడిగాడు.

"వాన నీళ్ళు యాడికి పోతాయమ్మా?"

"ఇంకెక్కడికి పోతాయి, ఈ మొగలోంచే."

నా వైపు తిరిగాడు. "ఎక్కువైన నీళ్ళు పోనీకి చెరువు కట్టకు మరవ పెడతాం. నీ కట్టకు యాడప్పా మరవ? ఈ మొగ ఇడిసిపెట్టు. ఈ పల్లం ఖాళీగా ఉండనీ. ఈళ్ళ ఇండ్లు మెరకకు మార్చు, అందరినీ ఒకే తావుకు. ముందు నీళ్ళకు దోవ సూడు, తర్వాత గోడలు."

"మొగ మూయనివ్వను పెద్దాయనా" అన్నాను.

మీటింగులో ఆ మాటే ఎత్తాను. మా పెద్ద ఇంజనీరు నవ్వాడు. "ఏమప్పా, ఇంజనీరింగు సదివింది నువ్వా, మీ నీరుగంటా?" అందరూ నవ్వారు. ఆ పల్లంలో ప్లాట్లు వేయాలని ఆయన బావమరిది కాచుకుని ఉన్నాడని తర్వాత తెలిసింది. మొగ మూసే ఆ పథకం మీద నేను సంతకం పెట్టాను.

కట్ట పూర్తయిన ఏడాదే తుఫాను. కట్ట సముద్రాన్ని ఆపింది. వాన నీళ్ళనూ ఆపింది. జాలరుల ఇండ్లలో నీళ్ళు నడుము దాకా వచ్చాయి. తెల్లవారి నేను ఫోను చేస్తే పెద్దాయన సత్యవేడు మీదుగా బస్సులు మారి మధ్యాహ్నానికి దిగాడు. దిగీ దిగగానే కట్టమీద పార వేశాడు. ఆ జాలరి ఆమె పరుగున వచ్చి పార కర్ర పట్టుకుంది.

"సముద్రం పోటు మీదుంది, కనపడటంలా? ఇప్పుడు తెంపితే సముద్రం లోపలికొచ్చి మమ్మల్ని మింగుద్ది. ఆటు దాకా ఆగు!"

పుట్టినప్పటి నుంచి నీళ్ళతోనే బతికిన మనిషికి, సముద్రం రోజూ ఎక్కి దిగుతుందన్న సంగతి తట్టలేదు. "నేర్పినావు తల్లీ" అని కట్టమీదే కూచున్నాడు. ఆయన పక్కన ఆమె, ఆమె పక్కన నేను. లోపల నీళ్ళు గోడల మీద ఇటుక తర్వాత ఇటుక ముంచుతున్నాయి. బయట అలలు కట్టను గుద్దుతున్నాయి. పొద్దు వాలే ముందు ఆమె లేచి "ఇప్పుడు" అంది. దొరికిన పారలన్నీ ఒక్కసారి లేచాయి. నీళ్ళు బయటికి దూకాయి. ఒక్క ప్రాణం పోలేదు.

కట్ట తెంపాడని పెద్ద ఇంజనీరు ఆయన మీద కేసు పెట్టించాడు. పెద్దాయన పారను కోర్టు వాకిట్లో ఆనించి, ఏళ్ళ తరబడి వాయిదాలకు తిరిగాడు. నన్ను సాక్షిగా పిలిస్తే, ఆ రోజు నేను అక్కడ లేనన్నాను. ఉద్యోగం పోతుందని. బయటికొచ్చాక ఆయనే నాకు టీ ఇప్పించాడు. "ఇప్పుడు పోటు మీద ఉండావులే అప్పా. దిగినాక మాట్లాడుదువు." చివరికి కేసు కొట్టేశారు, నా సాయం లేకుండానే.

పెద్ద ఇంజనీరు ఇప్పుడు తిరుపతి సభల్లో, నీళ్ళకు దోవ వదలాలని ఉపన్యాసాలిస్తున్నాడు. శాలువాలు కప్పించుకుంటున్నాడు. ఆ మాట ఎవరిదో ఈ రోజైనా రాసి పెడుతున్నాను.

పెద్దాయన సావుకు మా ఊరికి జాలరి ఆమె కూడా వచ్చింది, జుట్టు నెరిసిపోయి. చెరువు నిండి మరవ పారుతోంది. ఆ నీళ్ళనే చూస్తూ నిలబడింది. దగ్గరికి పోయి, అంతా ఆ పెద్ద ఇంజనీరు చేసిందేనని తిట్టడం మొదలుపెట్టాను. ఆమె తల తిప్పలేదు.

"ఆ రోజు నువ్వు నా పక్కనే కూచున్నావు గదయ్యా" అంది.

మరవ మీద నీళ్ళు పారుతూనే ఉన్నాయి. పెద్ద ఇంజనీరును ఇన్నేళ్ళూ తిట్టుకున్నాను, ఇకపైనా తిడతాను. కానీ నేనింకా ఎక్కువ తప్పు పట్టేది ఆమె పక్కన కూచుని కూడా లేనన్న ఆ మనిషిని. నన్ను.