సైలెన్సర్ పీకిన బండి

మొన్న వీధిలో సైలెన్సర్ పీకేసిన బండి పోతే అందరూ చెవులు మూసుకున్నారు. నాకు మాత్రం పత్తి కాలిన వాసన వచ్చింది.

ఆదోనిలో మా తాత పత్తి వ్యాపారి. గోదాములో ఎవరినీ బీడీ ముట్టించనిచ్చేవాడు కాదు, పిల్లల్ని కుప్పలెక్కి ఆడనిచ్చేవాడు కాదు. ఒకరోజు చిన్నాయన తన మోటార్ సైకిల్ సైలెన్సర్ పీకేయించి, పటపటమంటూ నేరుగా లోపలికే తెచ్చాడు.

"ఎట్లుంది నాయనా సౌండు?" అంటూ ఇంకోసారి రైజ్ చేశాడు. గొట్టంలోంచి నిప్పు ఎగిరి పత్తి మీద పడింది.

తాత కుప్ప మీదికి దూకి బోర్లా దొర్లాడు. ఇక ఆడుకోవచ్చనుకుని నేనూ నవ్వుతూ ఎక్కబోయాను.

"రావాకు పాపా!" తాత అరిచాడు.

మంట ఆరింది. తాత లేచాడు. చొక్కా ముందు భాగం లేదు, ఛాతీ ఎర్రగా కమిలిపోయింది. బిత్తరపోయి నిలబడ్డ చిన్నాయనను తిట్టలేదు.

"బండి బయటికి తోసుకపో. స్టార్టు మాత్రం సేయాకు," అన్నాడు మెల్లగా.